మింగక్కా అన్నది నేనే

ఒక్క మాట ఇన్నేళ్లుగా నా గొంతులో చేపముల్లు మాదిరి అడ్డం పడి ఉండాది. అన్నం ముద్ద మింగేటప్పుడు గుచ్చుకుంటాది. మంచినీళ్లు తాగేటప్పుడూ గుచ్చుకుంటాది. ఆ మాటేందో మొదట్లోనే చెప్పేస్తాను. లేకపోతే సగం దూరం పోయినాక ధైర్యం చాలక వెనక్కి తిరిగేస్తాను, నా సంగతి నాకు తెలుసు. "మింగక్కా." అంతే. మా అక్కతో నేనన్న మాట అది. ఆ మాట నమ్మి మా అక్క మాత్ర మింగింది. ఆ మాత్రతోనే చచ్చిపోయింది.

నువ్వెవరో నాకు తెలీదు. అందుకే నీకు చెప్తాండాను. తెలిసినోళ్లకు చెప్తే ఓదారుస్తారు. "నీ తప్పేముందమ్మా, అంతా తలరాత" అంటారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతాది. రాతంట, రాత! ఎవరు రాసినారు ఆ రాత? నువ్వు నన్ను ఓదార్చొద్దు. తిట్టాలనిపిస్తే తిట్టు. అంతవరకు ఊరికే విను.

నేను కుప్పం అవతల, కర్ణాటక బార్డరుకు దగ్గర్లో, ఒక చిన్న ల్యాబులో పని చేస్తాను. పేరు చెప్పను. బయటినుంచి చూసేవాళ్లు కోళ్లఫారం అనుకుంటారు. ఏదైనా ఒక మందు మనిషి రక్తాన్ని దెబ్బ తీస్తాదా, తీస్తే ఎంత మోతాదులో తీస్తాది అని చూసేది మా పని. రక్తం అంటే నరాల్లో పారేది కాదు. దాన్ని పుట్టించే మూలకణాలు. ఎముకల లోపల గుజ్జులో కూర్చోని రేయింబగళ్లు కొత్త రక్తం తయారు చేసే విత్తనాలు అవి. అవి చచ్చిపోతే బయటికి వెంటనే ఏమీ తెలీదు. ఉన్న రక్తం అయిపోయేదాకా మనిషి నవ్వతా తిరగతానే ఉంటాడు.

ఆ కణాలు బొడ్డుతాడు రక్తంలో బాగా దొరుకుతాయి. కాన్పు అయినాక మాయతో పాటు పోయే రక్తమే. మదనపల్లెలో ఒక నర్సింగ్ హోములో తల్లిని అడిగి, సంతకం తీసుకోని, ఆ రక్తం మాకు ఐసుపెట్టెలో పెట్టి ఇస్తారు. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం తెచ్చుకుంటాం. ఎవరి రక్తమో మాకు తెలీకూడదు. సొంతవాళ్లది అస్సలు ముట్టుకోకూడదు. రెండూ మా నియమాలే. తెచ్చినదాంట్లోనుంచి మూలకణాలను వేరు చేసి, సగ్గుబియ్యం జావంత చిక్కగా ఉండే ఒక జెల్లులో కలిపి, చిన్న చిన్న ప్లేట్లలో పోస్తాం. ఒక ప్లేటులో మందు వెయ్యం. మిగతావాటిలో కొంచెం, ఇంకొంచెం, ఎక్కువ, అట్ల వేసి వెచ్చగా పెట్టేస్తాం. రెండు వారాలకి మైక్రోస్కోపు కింద చూస్తే, బతికిన ఒక్కో కణం ఒక గుంపుగా పెరిగుంటాది. ఎర్రగా కొన్ని, తెల్లగా కొన్ని, రాగులు చల్లినట్టు. మందు చంపేసిన చోట ఏమీ ఉండదు. నాకు ఆ పని ఇష్టం. ఇంత జరిగినాక కూడా ఇష్టమే, సిగ్గులేకుండా.

ఇంక మా ఇంటి సంగతి.

మాది పుంగనూరు. మా ఇంట్లో పెళ్లంటే బయటి గడప తొక్కేది లేదు. మా నాయన మా అమ్మకు మేనత్త కొడుకు. మా అక్కను మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చినారు. నన్ను మా మేనత్త కొడుక్కి ఇస్తామంటే నేను కుదరదన్నా, చదువుకుంటానని తిరుపతికి పోయినా, ఆడ హాస్టల్లో కూర్చోని ఇంటికి రానన్నా. ఆ తర్వాత నాకు పెళ్లి లేదు. చేసుకోలేదు అని నేనంటాను. కాలేదు అని వాళ్లంటారు.

అక్కకు ఒక్కతే కూతురు, హేమ. నేను ఎత్తుకోని తిప్పిన బిడ్డ. దాన్ని మా తమ్ముడికే ఇద్దామని అక్క మాట తీసింది. తమ్ముడు మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ పెట్టినాడు, మంచోడు, అలవాట్లు లేవు. ఇంకేం కావాల? అందరూ తలలూపినారు. నేనొక్కదాన్నే వద్దన్నా. మెల్లగా చెప్పినా, అర్థమయ్యేట్టు చెప్పినా. ప్రతి గుణమూ మనకు రెండు పాళ్లు వస్తాది, అమ్మ నుంచి ఒకటి, నాయన నుంచి ఒకటి. ఒక పాలు చెడినా ఇంకోటి కాపాడతాది. బయటివాళ్లని చేసుకుంటే రెండూ చెడినవే రావడం తక్కువ. మన మాదిరి ఒకే రక్తంలో తిరిగితే, దాక్కోని ఉండే లోపం రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే బిడ్డ మీద పడ్తాది. ఇంతే నేను చెప్పింది.

అక్క ఏమనిందో తెలుసా? తాంబూలాలకు వచ్చిన అంతమంది ముందర, వక్కాకు పళ్లెం చేతిలో పట్టుకోని, "మొగుడు లేదు, బిడ్డా లేదు, నా బిడ్డ కడుపు మీద పడి ఏడస్తాండాదే ఇది" అనింది. అందరూ నవ్వినారు. మా అమ్మ కూడా. నేను లేచి పెరట్లోకి పోయి నీళ్లతొట్టి దగ్గర మొగం కడుక్కున్నా. ఎన్నిసార్లు కడుక్కున్నా వేడి తగ్గలేదు. చెప్పేది ఎవరికి? నా చదువు వాళ్లకి పుట్టింటి మీద నేను పెంచుకున్న పగలాగా కనపడింది. ఆ పొద్దువరకు పగ లేదు. ఆ పొద్దు నుంచే మొదలయింది.

పెళ్లయింది. మరుసటేడు హేమకు నెలలు నిండినాయి. కాన్పు మదనపల్లెలోనే, మేము బొడ్డుతాడు రక్తం తెచ్చుకునే నర్సింగ్ హోములోనే. ఆ వారం మాకు రక్తం కొరత ఉండాది. ఒక పాత మాత్రను కొత్తగా తయారు చేస్తాండే కంపెనీ వాళ్ల పరీక్ష మా చేతిలో ఉండాది, తొందర పెడతా ఉండారు. కానీ కొరత సాకు మాత్రమే. అబద్ధం ఎందుకు? నాకు వాళ్ల రక్తాన్ని చూడాలని ఉండింది. నన్ను చూసి నవ్విన ఆ రక్తం, బయటివాళ్లను రానివ్వని ఆ గొప్ప రక్తం లోపల ఏముందో నా మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలని ఉండింది.

కాన్పు గదిలో సిస్టర్‌కు నేను తెలుసు. "సంతకం?" అని అడిగింది. "మా ఇంటి బిడ్డే సిస్టర్, నేను చెప్పుకుంటాలే" అన్నా. ఆయమ్మ నమ్మింది. బయట మా అమ్మ పసుపు రాసిన కొత్త ముంత పట్టుకోని నిలబడి ఉండాది, మాయను ఇంటికి తీసుకుపోయి పెరట్లో పూడ్చాలని. మా వాళ్లు మాయను కుక్క ముట్టనివ్వరు, నక్క ముట్టనివ్వరు, బిడ్డకు చెడు జరుగుతాదని. నేను బొడ్డుతాడులో రక్తం అంతా లాగేసుకోని, మాయను ముంతలో పెట్టి మా అమ్మ చేతికి ఇచ్చినా. "జాగ్రత్తగా పట్టుకోమ్మా" అని కూడా చెప్పినా. నా నోటికి ఏం తెగులు వచ్చిందో.

ఆడబిడ్డ. బాగుండాది. ఇప్పటికీ బంగారంగా ఉండాది.

రక్తాన్ని కుప్పం తెచ్చి, అందరిదాంతో పాటు ప్లేట్లలో పోసినా. ఎవరిదో నాకొక్కదానికే తెలుసు. రెండు వారాలకి చూసినా. మందు వెయ్యని ప్లేటు కళకళలాడతా ఉండాది, అంత బాగా పెరిగిన ప్లేటు ఆ నెలలో ఇంకోటి లేదు. అన్నిటికన్నా తక్కువ మందు వేసిన ప్లేటు తీసి పెట్టినా. ఏమీ లేదు. అద్దం సరిగా తిప్పలేదేమో అని తిప్పినా. ప్లేటు పక్కకు జరిపి చూసినా, ఇంకో పక్కకు జరిపినా. ఎర్రది లేదు, తెల్లది లేదు. ఒట్టి జెల్లు. వేరేవాళ్ల కణాలు సుఖంగా పెరిగిన ఆ చిటికెడు మందుకే మా బిడ్డ కణాలు ఒక్కటి మిగలకుండా చచ్చినాయి.

ఆ నిమిషంలో నాకు ఏమనిపించిందో చెప్తే నువ్వు నన్ను అసహ్యించుకుంటావు. భయం తర్వాత వచ్చింది. మొదట వచ్చింది గెలుపు. చూసినారా, చెప్పినానా లేదా! అని లోపల ఒక్క కేక. పురిటి గుడ్డుకు మామూలుగా ఆ మాత్ర ఎవరూ ఇవ్వరు, కాబట్టి బిడ్డకేమీ ప్రమాదం లేదు అని కూడా వెంటనే అనిపించింది. ఎంత తెలివి చూడు నాకు! గెలుపు నాది, నష్టం ఎవరికీ లేదు.

మా సార్ వచ్చి చూసినాడు. "ఒక్క శాంపిల్ కోసం రిపోర్టు ఆపుతామా? దారిలో పాడైనట్టుంది. తీసేసి ఇంకోటి పెట్టు" అన్నాడు. దారిలో పాడై ఉంటే మందు వెయ్యని ప్లేటు ఎట్ల అంత బాగా పెరిగింది? ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కొందరి ఒంట్లో ఈ మందును తట్టుకునే గుణం పుట్టుకతోనే ఉండదు అని పుస్తకాల్లో ఉండేదే. ఉందో లేదో చూసే రక్తపరీక్ష కూడా ఉండాది. ఆ మాత్ర చెడ్డది కాదు, కీళ్లవాతంతో మంచం పట్టినోళ్లను ఎంతోమందిని లేపి నడిపించింది. దాన్ని తట్టుకోలేని కొందరికి మాత్రం అది యముడు. "సార్, ఇది శాంపిల్ తప్పు కాదు" అని ఒక్క మాట అనుంటే చాలు. అంటే ఆయన ఎవరి శాంపిల్ అని అడుగుతాడు, సంతకం ఏదమ్మా అంటాడు. తేలు కుట్టిన దొంగను నేను. "సరే సార్" అన్నా. ప్లేట్లలో బ్లీచింగ్ పోసి, చెత్తలో వేసి, చేతులు కడుక్కున్నా.

సార్ మీద నాకు ఇప్పటికీ మంటే. ఒక మనిషి రక్తం చచ్చిపోయిందని కళ్లతో చూసి తీసెయ్ అన్నాడే అని. కానీ ఆయన పారేసింది పేరు లేని శాంపిల్‌ని. నేను పారేసింది హేమ బిడ్డను, హేమను, తమ్ముడిని, అక్కను. బిడ్డకు రెండు పాళ్లూ చెడినవే వచ్చినాయంటే ఒకటి తమ్ముడి నుంచి, ఒకటి హేమ నుంచి వచ్చినట్టే గదా. హేమకు యాడ నుంచి వచ్చింది? అక్క నుంచో, బావ నుంచో. వాళ్లకి? అందరమూ ఒకే కుండలో నీళ్లమే. మా ఇంట్లో ఇంకెవరెవరికి రెండూ చెడినాయో ఎవరికి తెలుసు? నాకు అప్పుడే ఇదంతా తట్టింది. తట్టినా మూట కట్టి పక్కన పెట్టేసినా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తాది అనుకున్నా. పడితే పడనివ్వాల్సింది.

బిడ్డ నడక నేర్చింది, మాటలు నేర్చింది. అక్క చేతివేళ్లు వాచినాయి. మొదట పొద్దున పూట మాత్రమే, తర్వాత రోజంతా. చెంబు పట్టుకోలేదు, జడ వేసుకోలేదు. ఎన్నో మాత్రలు వాడింది, ఆకులు కట్టింది, పుత్తూరు కట్టు అనింది, ఏవో తైలాలు అనింది. చివరికి ఒక పెద్ద డాక్టరు దగ్గరికి పోయింది.

చలికాలం. నేను సెలవు పెట్టి పుంగనూరు పోయినా. అక్క నడవలో కూర్చోని, నానబెట్టిన అనపగింజల గిన్నె ముందర పెట్టుకోని పితకాలని చూస్తాండాది. రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే పప్పు ఎగిరి పడాల. ఆమె వేళ్లు నొక్కలేకపోతాండాయి. నేను గిన్నె నా వైపుకు లాక్కోని పితకతా కూర్చున్నా. అప్పుడు ఆమె కొంగుముడి విప్పి మాత్రల పట్టీ తీసింది.

"ఇది సూడు. డాక్టరు కొత్తగా రాసిచ్చినాడు. నువ్వు బతికేది మందులతోనే గదా. మింగొచ్చునా?"

పేరు చదివినా. ఆ ప్లేట్లలో నేను వేసిన మందే అది. చేతిలో అనపగింజ అట్లే ఉండిపోయింది.

"యాల అట్ల సూస్తాండావు? ఏమన్నా అయితాదా?"

"అక్కా," అన్నా. నోరు తెరిచినా. నిజంగా తెరిచినా. ఇది మింగే ముందు ఒక పరీక్ష చేయించు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో హేమ కూతురు పరిగెత్తతా వచ్చి నా మెడ పట్టుకోని, "అవ్వా, నాకి పప్పు" అనింది. తండ్రి వైపు చూస్తే నేను దానికి అత్తను, తల్లి వైపు చూస్తే అవ్వను. అది ఒక పూట అత్తా అంటాది, ఒక పూట అవ్వా అంటాది.

అక్క పకపకా నవ్వింది. "అత్త అనల్లో అవ్వ అనల్లో దానికే తెలీదు పాపం. అమ్మా అని పిలిసేవాళ్లు నీకి యాడ రాబోతారు? ఏదో ఒకటి పిలిపించుకో, తల్లీ."

ఆట పట్టించింది. అంతే. మా అక్క నోరు ఎప్పుడూ అంతే, మనసులో ఏమీ ఉండదు. ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు ఆ తాంబూలాల పొద్దు, వక్కాకు పళ్లెం, ఆ నవ్వులు, అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చినాయి.

"ఏం కాదులే," అన్నా. "డాక్టరు ఇచ్చినాడు గదా. మింగక్కా."

"నువ్వు సెప్తే సరే," అని అక్క పట్టీని మళ్లీ కొంగులో ముడేసుకునింది. నేను మిగతా అనపగింజలు పితికి, గిన్నె నిండా పప్పు చేసి ఇచ్చినా. మధ్యాన్నం పితికిపప్పు కూర, రాగిసంగటి. అక్క నాకు రెండోసారి కూర వేసింది. తిన్నా.

అక్క ఊరంతా చెప్పుకునిందంట. "మా సెల్లెలు మందులు పరీక్ష సేసే ల్యాబులో ఉండాది, అదే మింగమన్నాది" అని. గొప్పగా చెప్పుకునిందంట. నన్ను గురించి మా అక్క గొప్పగా చెప్పుకునింది అదొక్కసారే.

కొన్ని వారాలకి తమ్ముడు ఫోను చేసినాడు, అక్క జుట్టు రాలతాండాదని. నేను బస్సెక్కి పోయినా. దువ్వెన పెడితే పాయలు పాయలుగా దువ్వెనతో పాటు వచ్చేస్తాండాది. దిండు మీద, కూర్చున్న చోట, అన్నం తట్టలో, జుట్టే. నేను చూసిన మొదటి చూపుకే తెలిసిపోయింది. ఆ మాత్రను తట్టుకోలేని ఒళ్లు మొదట చెప్పే మాట అదే. మూలకణాలు లోపల చస్తాండాయి అని జుట్టు బయటికి వచ్చి చెప్తాండాది. కణాల లెక్క చూడాలని డాక్టరు రక్తపరీక్షకు రమ్మన్న రోజు కూడా ఆ వారంలోనే ఉండాది. అన్నీ కలిసొచ్చినాయి. నేను నోరు తెరిస్తే సరిపోతాది.

నాకంటే ముందు మా అమ్మ నోరు తెరిచింది. "హేమ కాన్పు బాగా అయితే తలనీలాలు ఇస్తానని గంగమ్మకు మొక్కుకోలేదటే నువ్వు? ఇచ్చినావా? ఇవ్వలేదు. తల్లే లాక్కుంటాండాది" అనింది. అక్క నోటి మీద చెయ్యి పెట్టుకునింది. నిజమే, మరిచిపోయింది. అంతే, ఇంట్లో అందరికీ అర్థమైపోయింది. రక్తపరీక్షను పక్కన పెట్టినారు. చౌడేపల్లె దగ్గర కొండ మీది గంగమ్మకు తల ఇచ్చేదానికి బయల్దేరినారు, ఆ తల్లికి ఒక కోడిని కూడా పట్టుకోని.

నాకు గంగమ్మ మీద కోపం లేదు. మొక్కులు మొక్కేవాళ్ల మీదా లేదు. జుట్టు రాలితే దేవుడు అడుగుతాండాడు అనుకోవడం మా వాళ్లకు తెలిసిన లెక్క. నాకు తెలిసిన లెక్క వేరే ఉండాది గదా! ఒక్క మాట చెప్పుంటే బండి కొండకు బదులు ఆస్పత్రికి తిరిగుండేది. నేనేం చేసినా? బండిలో వాళ్ల పక్కన కూర్చున్నా. ఇంకా సిగ్గులేని మాట చెప్తా విను. మా అమ్మ మొక్కు సంగతి తీసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కారణం దొరికింది, నన్నెవరూ అడగరు అని.

కొండ మీద అక్క తల వంచి కూర్చునింది. గుండు గీసే ఆయన నీళ్లు చల్లి తల తడిపేసరికి జుట్టు సగం ఆయన చేతిలోకే వచ్చేసింది. ఆయన కత్తి పక్కన పెట్టి, "తల్లి ముందే తీసుకునేసిందమ్మా, మీరు అదృష్టవంతులు" అన్నాడు. మా అమ్మ చెంపలేసుకునింది. అక్క నన్ను చూసి నవ్వింది. పెదాల పక్కన పుండ్లు. నవ్వితే నొప్పి పెట్టి నవ్వు మధ్యలోనే ఆపేసింది.

జ్వరం వచ్చింది. తిరుపతి పెద్దాస్పత్రికి తీసుకుపోయేసరికి ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేవన్నారు. ఏం మందులు వాడినారు అని అక్కడి డాక్టరు అడిగితే నేనే పేరు చెప్పినా. ఆయన తల పట్టుకోని, రక్తపరీక్షకు యాల తీసుకుపోలేదమ్మా అని అడిగినాడు. కొండకు పోయినామని చెప్పినా. అక్క మంచం మీద నుంచి నా చెయ్యి పట్టుకోని, మాట సరిగా రాకపోయినా, "నువ్వు సెప్పినట్టే మింగినా. ఒక్క పూట మానలేదు" అనింది. డాక్టరు ముందర నన్ను వెనకేసుకోని రావాలని చూసింది మా అక్క. అప్పుడన్నా చెప్పినానా? లేదు. నా చెయ్యి ఆమె చేతిలోనే పెట్టి నోరు మూసుకోని నిలబడినా. ఆ వారమే పోయింది.

మాత్ర వేడి చేసింది అన్నారు కొందరు. మొక్కు ఆలస్యమైంది, తల్లికి కోపం తగ్గలేదు అన్నారు కొందరు. గంగమ్మ మీదికి పోయింది నింద. నేను విని ఊరుకున్నా. దేవతైనా సరే, ఇంకొకరి మీదికి పోతే చాలు నాకు.

ఇప్పుడు హేమ వేళ్లు వాచినాయి. తల్లి జబ్బే. మొన్న ల్యాబులో అన్నం తింటాండంగా ఫోనులో ఒక ఫోటో పంపింది. మాత్రల పట్టీ. కింద మాటలు: "చిన్నమ్మా, డాక్టరు ఇచ్చినాడు. అమ్మ వాడినదే గదా ఇది? మింగొచ్చునా?"

అదే పేరు, అదే ప్రశ్న. అన్నం డబ్బా మూత కూడా పెట్టకుండా బయటికి పరిగెత్తి ఫోను చేసినా. మింగొద్దు అన్నా. యాల అనింది. నీ రక్తం దాన్ని తట్టుకోకపోవచ్చు, పరీక్ష చేయించు, నీకూ తమ్ముడికీ బిడ్డకీ ముగ్గురికీ చేయించు, డాక్టరుకు ఈ మాట చెప్పు అన్నా. నీకెట్ల తెలుసు అనింది. చెప్పేసినా. కాన్పు గది, ముంత, ప్లేటు, సార్, అన్నీ. ఎండలో నిలబడి చెప్తానే ఉండా. అది అంతా వినింది. చివరికి ఒక్కటే అడిగింది.

"అమ్మకు మింగమని సెప్పినప్పుడు నీకి తెలుసా?"

"తెలుసు" అన్నా.

ఫోను కట్ చేసింది. తర్వాత తియ్యలేదు. ఆ సాయంత్రం తమ్ముడి నుంచి మెసేజి వచ్చింది. "ముగ్గురమూ రక్తం ఇచ్చినాము. హేమ మింగలేదు. నువ్వు ఇంటికి రావొద్దు." అంతే ఉండాది. అదే మెసేజిని మళ్లీ మళ్లీ తీసి చదువుకుంటాండాను. రావొద్దు అనే మాట కోసం కాదు, మింగలేదు అనే మాట కోసం.

ల్యాబులోనూ చెప్పినా, ఆ కంపెనీ రిపోర్టులోనుంచి నేను తీసేసినది ఏందో. సార్ నన్ను కూర్చోమని కూడా అనలేదు. ఉద్యోగం ఉంటాదో పోతాదో తెలీదు. పోనీ.

ఇంక నీకు చెప్పాల్సింది ఒకటే మిగిలింది. దీని కోసమే ఇంతదూరం లాక్కోనొచ్చినా నిన్ను. హేమకు అంతా చెప్పినా అన్నా గదా. అంతా చెప్పలేదు. భయపడి నోరు మూసుకున్నా అని చెప్పినా దానికి. ఉద్యోగం పోతాదని, దొంగ అంటారని భయం. అది నిజమే. కానీ భయపడినోళ్లు చెప్పకుండా ఊరుకుంటారు. నేను ఊరుకోలేదు. మింగమన్నా. భయమైతే "ఏమో అక్కా, నాకు తెలీదు, ఇంకో డాక్టర్ని అడుగు" అనుంటే సరిపోయేది గదా? ఎంత తేలిక మాట అది! ఎందుకు అనలేదు నేను?

ఎందుకంటే, అక్క పకపకా నవ్వినాక, మింగక్కా అనే ముందు, నా లోపల ఇంకో మాట పలికింది. పడనీ. అదే ఆ మాట. కొంచెం అవస్థ పడనీ. నా చదువును ఎగతాళి చేసినదానికి, నా కడుపును తిట్టినదానికి, ఒకసారి తెలిసిరానీ. చావాలని అనుకోలేదు. ఎవరి మీద ఒట్టు వెయ్యమన్నా వేస్తాను, అనుకోలేదు. కానీ పడనీ అని మాత్రం అనుకున్నా. తెలిసి అనుకున్నా. అనుకోని, నవ్వుమొగం పెట్టుకోని, మింగక్కా అన్నా.

మా అక్క నమ్మింది. నేను చెప్పినట్టే, ఒక్క పూట మానకుండా మింగింది.

ఇది హేమకు కూడా చెప్పాల. ఫోను తీసిన రోజు చెప్తాను, తియ్యకపోతే గడప బయట నిలబడి చెప్తాను. అది నన్ను క్షమించాలని కాదు. క్షమిస్తే నాకే కోపం వస్తాది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. పడనీ అనుకున్నా, మా అక్కను. ఈ పొద్దు నీకు చెప్పినా.